రాయి తీసినవా, ఆపా?

దయ్యాలు, జిన్నులు, గాలి సోకడాలు వంటి కబుర్లు మా ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. భయమేసి కాదు, విసుగొచ్చి. వనపర్తిలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. చదివే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. కథలో దయ్యం వచ్చిందంటే రాసినవాడికి ఇంకేమీ తోచలేదని అనుకునే రకాన్ని. ఇప్పటికీ పెద్దగా మారలేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెట్టుకుందామని మాత్రమే ఇది రాస్తున్నాను.

మా తమ్ముడి పేరు ఖాజా. మాది గద్వాల. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళం గానీ, వాడూ నేనూ ఇద్దరమే ఉంటే తెలుగే. అక్కను ఆపా అని, నాన్నను అబ్బా అని పిలవడం మాత్రం ఉర్దూలోనే. మా మధ్య చాలా ఏళ్ళ తేడా. అబ్బా పోయేనాటికి వాడు ఇంకా బడిలో చేరలేదు. అన్నం తినిపించింది, అక్షరాలు దిద్దించింది నేనే. అక్షరాలు వాడికి అంటలేదు. బండి అంటింది.

గద్వాల నుంచి వడ్డేపల్లికి జీపు నడిపేవాడు. ఆ జీపుకు హ్యాండ్ బ్రేకు పనిచేసేది కాదు. ఆగిన చోటల్లా ఎవరో ఒకరు దిగి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. వెనక సీటు చివర కూర్చున్నవాళ్ళది ఆ పని. అమ్మీ పుట్టిల్లు వడ్డేపల్లి కావడంతో సెలవుల్లో నేనూ ఆ జీపు ఎక్కేదాన్ని. ఎక్కినప్పుడల్లా ఆ చివరి సీటు నాకే ఇచ్చేవాడు.

"టీచరమ్మతోని రాళ్ళు మోపిస్తున్నవేందిరా?" అని జీపులో వాళ్ళు నవ్వేవారు.

"పిల్లలతోని రోజూ గుంజీలు తీపిస్తది గదా. ఒక్కనాడు ఆమెను గూడ జర వంగనియ్యుండ్రి" అనేవాడు వాడు.

రాయి పెట్టడంలో వాడికొక పద్ధతి ఉండేది. పెద్ద రాయిని చక్రానికి ఆనించి, దాని వెనక ఒక చిన్న రాయి పెట్టాలి. ఉత్త పెద్ద రాయి పెడితే ఊరుకునేవాడు కాదు. "పెద్దది బండిని ఆపుతది. చిన్నది పెద్దదాన్ని ఆపుతది. నువ్వు పెద్ద రాయి, నేను చిన్న రాయి. నేను లేకుంటే నువ్వు జారిపోతవు ఆపా" అనేవాడు. వేరే డ్రైవర్లెవరూ అలా చిన్న రాయి పెట్టడం నేను చూడలేదు.

ఇంకొకటి, పెట్టిన రాయిని రోడ్డు మీద వదలకూడదు. చాలామంది డ్రైవర్లు బండి కదిలించుకుని పోతారు, రాయి రోడ్డు మీదే ఉంటుంది. వెనక సైకిలు మీద వచ్చేవాడు దానికి తగిలి పడతాడు. అందుకని వాడు ఇంజను ఆన్ చేసి, అద్దంలో నన్ను చూస్తూ అడిగేవాడు. "రాయి తీసినవా, ఆపా?" నేను "తీసిన" అంటేనే గేరు వేసేవాడు. తీసిన రాళ్ళు సీటు కింద గోనెసంచిలో ఉండేవి.

సముద్రం పొంగి అండమాన్ దీవుల్లో రోడ్లు కొట్టుకుపోయిన మరుసటి ఏడు మా వైపు నుంచి రోడ్డు పనికి జనాన్ని తీసుకుపోయారు. పని కోసం పాలమూరు వాళ్ళు పోని చోటు లేదు. కోడేరు నుంచి, పెబ్బేరు నుంచి, మా గద్వాల నుంచి చాలామంది పోయారు. ఖాజా వాళ్ళతో డ్రైవరుగా పోయాడు. పని అయ్యాక అందరూ తిరిగి వచ్చారు. వాడు రాలేదు. అక్కడే ఎవరిదో జీపు నడపడానికి కుదిరి, వచ్చిన యాత్రికులకు తీరం వెంట రోడ్డు చూపిస్తూ ఉండిపోయాడు.

ఆ దీవి పేరు ఇక్కడ అవసరం లేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి చిన్న ఓడలో పోవాలి. ఒక పక్క అడవి, ఒక పక్క సముద్రం, మధ్యన ఒకటే రోడ్డు. ఆ రోడ్డు మీద అక్కడక్కడ బండి ఆపి, యాత్రికులను దింపి, ఫొటోలు తీసుకోనిచ్చి, మళ్ళీ ఎక్కించుకోవడం వాడి పని.

శుక్రవారం నమాజు అయ్యాక ఫోన్ చేసేవాడు. అమ్మీతో రెండు మాటలు, మిగిలిన సమయమంతా నాతో. నేను క్లాసులో సముద్రం మీద పద్యాలు చెప్పేదాన్ని గానీ అప్పటికి సముద్రాన్ని చూడలేదు. వాడు చెబుతుంటే వినేదాన్ని. అక్కడి పేర్లు వాడికి నోరు తిరగలేదు. అందుకని బండి ఆపే చోట్లకు తనే పేర్లు పెట్టుకున్నాడు.

"ఒకటి పెబ్బేరు సంత. సముద్రం లోపలికొచ్చి చెట్లన్ని చచ్చిపోయినయి ఆపా. పడిపోలే, నిలవడే ఉన్నయి, తెల్లగ. పొద్దుగాల సూస్తే సంతల ఎద్దులు నిలవడ్డట్టే ఉంటయి. కొనేటోడే లేడు."

ఇంకొకటి బీచుపల్లి. ఒక పెద్ద వాగు సముద్రంలో కలిసేచోట పొడుగాటి వంతెన. మరొకటి కోట. నీళ్ళలోకి నిటారుగా దిగిన నల్లటి కొండ చరియ, గద్వాల కోట గోడలాగా ఉంటుందట.

"ఇంకోటుంది. నడిగడ్డ. అది మాత్రం జెప్ప. నువ్వొచ్చినంక సూపిస్త."

నడిగడ్డ అంటే మా ప్రాంతమే. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నేల కాబట్టి ఆ పేరు. ఎంత అడిగినా ఆ చోటు గురించి చెప్పలేదు. ఆ ఏడు దసరా సెలవులకు మేము వెళ్ళాలని అనుకున్నాం. ఓడ ఎప్పుడుంటుందో మా ఆయన కనుక్కుని పెట్టారు కూడా.

వానాకాలంలో కబురు వచ్చింది. ఖాజా ఖాళీ జీపుతో, ఓడ దిగేవాళ్ళను తీసుకురావడానికి బయలుదేరాడు. ఆ రోజు గాలివానకు సముద్రం రోడ్డు మీదికి ఎక్కింది. నీళ్ళు తీశాక జీపు ఒక పగడపు దిబ్బ మీద తలకిందులుగా దొరికింది. అలలు దాన్ని ఎక్కడినుంచి ఈడ్చుకుపోయాయో ఎవరూ చెప్పలేకపోయారు. రోడ్డు పొడుగునా ఎక్కడైనా కావచ్చు. వాడు దొరకలేదు.

మాలో చనిపోయినవారిని సమాధిలోకి దించాక అందరూ పిడికెడు పిడికెడు మట్టి వేస్తారు. దాన్ని మట్టి ఇవ్వడం అంటాం. మా వైపు హిందువులు కూడా చావుకు పోయివస్తే "మట్టికి పోయొచ్చిన" అనే అంటారు. అమ్మీకి ఆ ఒక్క మాట దగ్గరే మనసు ఆగిపోయింది. "నా కొడుక్కు మట్టి దొరకలే" అని, కూర్చున్నా అదే, పడుకున్నా అదే. నీళ్ళలో పోయినవాడు షహీద్ అని, అంటే అమరుడని, మట్టి కోసం బాధపడవద్దని మౌల్వీ సాబ్ ఓపికగా చెప్పారు. ఆమె తల ఊపింది. ఆయన వెళ్ళాక మళ్ళీ అదే మాట.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే మేము బయలుదేరాం. అమ్మీ అబ్బా సమాధి పక్కనుంచి మట్టి తీసి, చిన్న స్టీలు డబ్బాలో పోసి, మూతకు గుడ్డ కట్టి నా చేతిలో పెట్టింది.

"వాడున్న కాడ ఇచ్చిరా బేటా. ఏడబడితే ఆడ పొయ్యకు" అంది.

వాడు ఎక్కడ ఉన్నాడో ఎవరికి తెలుసు? సముద్రంలో ఉన్నవాడికి ఏ చోటని చెప్పగలం? దారిలో చాలా ఆలోచించి, నడిగడ్డ అని వాడు పిలిచిన చోటు ఏదో కనుక్కుని అక్కడ ఇద్దామని నిశ్చయించుకున్నాను. వాడు నాకు చూపిస్తానన్న చోటు అది. ఉన్నది ఒక్క డబ్బా. తప్పుచోట పోస్తే, మళ్ళీ అమ్మీ ముందుకు వెళ్ళి ఏం చెప్పను?

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా పెద్ద ఓడ, అక్కడినుంచి చిన్న ఓడ. దీవికి చేరేసరికి ఓడ కుదుపుకు మా ఆయన మనిషిలా లేరు. లాడ్జి మంచం మీద వాలిపోయి, "తిరిగి పోయేటప్పుడు నన్ను ఈడనే వదిలిపెట్టిపో, మళ్ళ ఓడెక్కుడు నాతోని గాదు" అన్నారు. ఆయనను పడుకోనిచ్చి నేనొక్కదాన్నే బండి మాట్లాడుకున్నాను.

డ్రైవరు అప్పలరాజు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ దీవుల్లో స్థిరపడిన కుటుంబం. నడివయసు మనిషి. ఆ ఏడే వేరే దీవి నుంచి ఇక్కడికి మారాడట, ఖాజాను ఎన్నడూ చూడలేదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది.

"మీదీ తెలుగేనేటమ్మా? సగం హిందీ మాటలే ఇనిపిస్తన్నాయి" అన్నాడు, ఎక్కగానే.

"మాకు మీది గట్లనే ఇనిపిస్తది" అన్నాను. నవ్వాడు. తర్వాత నేను వచ్చిన పని చెప్పాను. అతను నవ్వడం మానేసి, బండిలో మోగుతున్న పాట ఆపేశాడు. నడిగడ్డ అనే చోటు తెలుసా అని అడిగాను.

"నడిగడ్డా? నడిమి గడ్డ అయ్యుంటాదండి. ఎందుకు తెల్దూ, తీసుకెల్తాను. సివర్లో ఉంటాది" అన్నాడు. అంత సులువుగా దొరికినందుకు నాకు నమ్మబుద్ధి కాలేదు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మొదట ఆపింది చచ్చిపోయిన చెట్ల దగ్గర. ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాను. నీళ్ళలో తెల్లటి మాన్లు, కొమ్మలు లేకుండా, గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నాయి. వాడు చెప్పింది నిజం. ఎద్దులే. కొన్ని దగ్గర దగ్గరగా, కొన్ని ఎడంగా, అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నట్టు. కాసేపు నిలబడ్డాను. అప్పలరాజు టీ తాగడానికి పక్కనున్న బడ్డీ దగ్గరికి పోయాడు.

తిరిగి వస్తూ చూస్తే, బండి ఎడమ వెనక చక్రం కింద రాయి ఉంది. దాని వెనక చిన్న రాయి.

నాకు ఆశ్చర్యం కలగలేదు. ఈ డ్రైవరుకు కూడా ఆ అలవాటు ఉందన్నమాట అనుకున్నాను. అతను వచ్చి రాళ్ళను కాలితో పక్కకు తోసి, బండి తీశాడు. కొంచెం ముభావంగా ఉన్నట్టు అనిపించింది.

తర్వాత వంతెన. వాగుకు రెండు పక్కలా మడ చెట్లు, వాటి వేళ్ళు బురదలో కాళ్ళలాగా దిగి ఉన్నాయి. నీళ్ళు తీసిన సమయం కాబట్టి ఎటు చూసినా బురదే. వంతెన మీద నడిచి అవతలికి వెళ్ళి, మళ్ళీ వచ్చాను. ఇక్కడ కూడా చక్రం కింద రాయి, దాని వెనక చిన్న రాయి. అప్పలరాజు ఈసారి వాటిని చేత్తో తీసి మడ చెట్లలోకి విసిరేశాడు. కాస్త గట్టిగానే విసిరాడు.

వంతెన దాటాక రోడ్డు చాలాదూరం సముద్రం పక్కనే, కట్ట మీద పోయినట్టు పోయింది. ఎడమన సముద్రం, కుడిన బురద నేల, మడ చెట్లు. చూడడానికి అక్కడ ఏమీ లేదు. బండి ఆగలేదు.

కోట దగ్గర దిగాను. నల్లటి చరియ, కింద నీళ్ళు. కొబ్బరిబోండాలు అమ్మే ఒకామె తప్ప మనుషులు లేరు. గద్వాల కోట గోడ కింద చిన్నప్పుడు ఖాజాను ఎత్తుకుని నిలబడిన రోజులు గుర్తొచ్చాయి. వాడికి ఆ గోడ అంటే భయం. మీద పడుతుందేమోనని నా మెడ వదిలేవాడు కాదు. ఇంత దూరం వచ్చి, తనను భయపెట్టిన గోడ పేరే పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి అప్పలరాజు నడుం మీద చేతులు పెట్టుకుని వెనక చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మా, మీరు పెద్దోరు, అనకూడదు గానీ, నా బండికి హేండు బ్రేకు బాగానే పన్జేస్తాదండి. ఇప్పటికి మూడుసార్లు సూసి ఊరుకున్నాను. మీరు దిగినప్పుడల్లా రాయెట్టక్కర్లేదు."

నాకు మొదట అర్థం కాలేదు. "నేను పెట్టలే. మీరే పెట్టిన్రనుకున్న" అన్నాను.

"నేనెందుకెడతానండీ? నలుగురు డ్రైవర్లు సూత్తే నవ్విపోతారు."

ఇద్దరం రాళ్ళను చూశాం. పెద్దది బూడిద రంగులో మామూలు రాయి. చిన్నది కొంచెం ఎర్రగా, ఒక పక్క చదునుగా ఉంది. అతను వంగి చిన్నదాన్ని తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఇందాక వంతెన కాడ ఇసిరేసింది ఇలాగే ఉందేటి?" అన్నాడు. కొబ్బరిబోండాల ఆమెను అడిగాడు. బండి దగ్గరికి ఎవరూ రాలేదని ఆమె చెప్పింది. అతను రాయిని కింద పెట్టేసి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

అప్పుడు అతనికి ఖాజా రాళ్ళ సంగతి చెప్పాను. అంతకుముందు ఆ దీవిలో ఎవరికీ చెప్పలేదు. ఇది బాగా ఆలోచించే రాస్తున్నాను. లాడ్జిలో గానీ, ఓడలో గానీ, ఎవరితోనూ ఆ మాట రాలేదు. అప్పలరాజు విని, బండి తలుపు తీశాడు. "రండమ్మా, నడిమి గడ్డకి ఎల్లిపోదాం. పొద్దు దిగకముందే పని సూసుకుని తిరిగెల్లిపోదాం" అన్నాడు.

అక్కడినుంచి రోడ్డు లోపలికి, అడవిలోకి తిరిగింది. కొంతదూరం పోయాక ఒక సెలయేరు. రాళ్ళ మీదుగా చల్లటి నీళ్ళు పారుతున్నాయి. బండి ఆపి, "ఇదేనండి" అన్నాడు. చోటు బాగుంది. నీడగా, నిశ్శబ్దంగా ఉంది. నేను ఒడ్డున కూర్చుని గుడ్డ ముడి విప్పాను. మూత తీశాను. మా ఊరి ఎర్రమట్టి వాసన వచ్చింది.

పిడికిట్లోకి తీసుకున్నాను గానీ చేయి కదలలేదు. ఇది నడిగడ్డ ఎందుకైంది? ఇక్కడ ఏది గడ్డ?

"అప్పలరాజూ, దీన్ని నడిమి గడ్డ అని ఎందుకంటరు?"

"ఇక్కడ మూడు గడ్డలున్నాయండి. పై గడ్డ, కింది గడ్డ, ఇది నడిమిది."

"గడ్డ అంటే?"

"గడ్డంటే ఏరండి. ఇదిగో, ఇదేగదా గడ్డ" అని నీళ్ళను చూపించాడు.

మా వైపు గడ్డ అంటే నేల. వాళ్ళ వైపు గడ్డ అంటే ఏరు. ఇన్నేళ్ళు తెలుగు చెప్పి, ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి అడగాలని పొద్దున నాకు తోచలేదు. పిడికిట్లో మట్టిని మళ్ళీ డబ్బాలో పోసి, వేళ్ళకు అంటినది కూడా దులిపి, మూత పెట్టాను.

లేచి బండి దగ్గరికి వెళ్ళి వెనక చక్రం కింద చూశాను. రాయి లేదు. నాలుగు చక్రాలూ చూశాను. ఏమీ లేదు. అప్పలరాజు నన్ను చూస్తున్నాడు. తను కూడా అప్పటికే చూసి ఉంటాడు.

తిరుగు దారిలో కూర్చుని ఉండగా ఇంకో సంగతి తట్టింది. పెబ్బేరు సంత, బీచుపల్లి వంతెన, కోట. నేను వనపర్తి నుంచి బస్సులో ఇంటికి పోయేటప్పుడు దారి అదే వరసలో వస్తుంది. మొదట పెబ్బేరు, తర్వాత బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన, చివర గద్వాల కోట. వంతెన దాటితే మొదలయ్యేది నడిగడ్డ. వాడు ఆ దీవి రోడ్డు మీద నేను ఇంటికి వచ్చే దారిని పేర్చుకున్నాడు. నడిగడ్డ ఉంటే వంతెనకూ కోటకూ మధ్యనే ఉండాలి. ఫోన్లో ఇన్నిసార్లు విన్నాను, ఈ వరస నాకు పట్టలేదు.

"వంతెనకు, ఆ నల్ల కొండకు నడుమ ఎక్కడన్న రెండు పక్కల నీళ్ళుంటయా?" అని అడిగాను.

"రెండు పక్కలా అంటే... ఒక పక్క సముద్రమేనండి. రెండో పక్క బురద" అన్నాడు. కాసేపాగి, "పోటొచ్చినప్పుడు మాత్రం అటు కూడా నీరెక్కుతాదండి" అన్నాడు.

మేము చరియ దాటి కట్ట లాంటి ఆ రోడ్డు మీదికి వచ్చేసరికి సాయంత్రం ఎండ ఇంకా ఉంది. పోటు వస్తోంది. పొద్దున కుడిపక్కన బురదగా ఉన్న నేల ఇప్పుడు పూర్తిగా నీళ్ళు. మడ చెట్లు నడుం దాకా మునిగి ఉన్నాయి. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క వాగు నీళ్ళు, మధ్యన సన్నటి నేల, దాని మీద రోడ్డు. ఏ బోర్డూ లేదు. ఎవరూ ఫొటోలు తీసుకునే చోటు కాదు.

అప్పలరాజు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు.

"ఎవడో గాని రాయెట్టి తియ్యకుండా ఎల్లిపోనాడు" అని తిట్టబోయి, మధ్యలో ఆగిపోయాడు.

ముందు రోడ్డు మీద, సముద్రం వైపు అంచున, రాయి ఉంది. దాని వెనక చిన్న రాయి. బండి లేదు. ఒక బండి అక్కడ ఆగి, రాళ్ళను వదిలి వెళ్ళిపోతే ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. కొద్ది గంటల ముందు మేము ఆ రోడ్డు మీదనే పోయాం. అవి అప్పుడు లేవు. ఉంటే మా చక్రం వాటి మీదికే ఎక్కేది.

నేను దిగాను. దగ్గరికి పోయి చూశాను. చిన్నది ఎర్రగా, ఒక పక్క చదునుగా ఉంది. రోడ్డు పొడిగా ఉంది, ఆ రెండు రాళ్ళు తడిగా ఉన్నాయి. పోటు నీళ్ళు ఇంకా అంత ఎత్తుకు రాలేదు.

ఖాజా ఎన్నడూ రాయిని రోడ్డు మీద వదలలేదు. వాడి రాయి రోడ్డు మీద ఉండిపోయిందంటే, బండిని వాడు నడుపుకుపోలేదని, అలలే ఇక్కడినుంచి లాక్కుపోయాయని అర్థం. నాకు ఆ క్షణంలో అదొక్కటే అర్థమైంది. అది తర్కం కాదని నాకు తెలుసు. ఏడాది కిందటి రాళ్ళు, రోజూ బండ్లు తిరిగే రోడ్డు మీద అలా ఉండవు.

సముద్రం వైపు అంచున కూర్చుని డబ్బా తెరిచాను. పిడికెడు మట్టి నాది. పిడికెడు అమ్మీది. పిడికెడు అబ్బాది. నీళ్ళు కొంచెం ఎర్రబడి, మళ్ళీ మామూలుగా అయ్యాయి. నాకు తెలిసిన దువా చదువుకున్నాను. ఏడవలేదు. రెండు పక్కల నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. నువ్వొచ్చినంక సూపిస్త అన్నాడు. చూశాను.

"అమ్మా, నీరు పెరిగిపోతన్నాది, ఎల్లిపోవాలి" అని అప్పలరాజు కేక వేశాడు. గొంతులో భయం ఉంది.

లేచి వచ్చి పెద్ద రాయిని రెండు చేతులా ఎత్తి రోడ్డు పక్కన, సముద్రం వైపు పెట్టాను. చిన్నదాన్ని చేతిలో పట్టుకుని బండి ఎక్కాను. వెనక సీట్లో, చివర కూర్చున్నాను. ఎందుకు అక్కడ కూర్చున్నానో చెప్పలేను. పొద్దుటి నుంచి ముందు సీట్లోనే ఉన్నాను. అప్పలరాజు ఇంజను ఆన్ చేశాడు. బండి కదలలేదు.

"తీసిన" అన్నాను.

అప్పలరాజు వెనక్కి తిరిగాడు. "ఏటమ్మా?"

"రాయి తీసిన. మీరు అడిగిన్రు గదా."

"నేనేటీ అడగలేదండి" అన్నాడు.

గేరు వేసి, వంతెన దాటేదాకా ఎక్కడా ఆగకుండా నడిపాడు. లాడ్జి దగ్గర దిగాక నేను డబ్బులివ్వబోతే డీజిలుకు సరిపడా తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చేశాడు. వెళ్ళేముందు ఒక్క మాట అన్నాడు. "మీ తమ్ముడు మంచి డ్రైవరండి."

మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన లేచి కూర్చుని విన్నారు. అప్పలరాజే తమాషాకు చేసి ఉంటాడన్నారు. తర్వాత, చిన్న రాయి సంగతి అతనికెలా తెలుసని తనే అడిగారు. అక్కడి డ్రైవర్లు ఖాజా దగ్గర ఆ పద్ధతి నేర్చుకుని ఉండవచ్చు, ఎవరైనా మా వెనక వచ్చి పెట్టి ఉండవచ్చు, రోడ్డు మీదివి వేరే బండివి కావచ్చు, నేను విన్నది ఇంజను చప్పుడు కావచ్చు. ఇవన్నీ నేనూ అనుకున్నాను. విడివిడిగా ప్రతిదానికీ ఒక జవాబు దొరుకుతుంది. అన్నిటికీ కలిపి ఒక్క జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

రాయిని మా బడిలో సైన్సు చెప్పే ఆయనకు చూపించాను. ఎక్కడ దొరికిందో చెప్పలేదు. "మన గుట్టలలోదే, గ్రానైటు" అన్నాడు. దీవి పేరు చెబితే, రోడ్లకు కంకర ఓడల మీద ఇక్కడినుంచి పోతుందేమో, దాంట్లోది కావచ్చు అన్నాడు. కావచ్చు.

గద్వాలకు పోయి ఖాళీ డబ్బా అమ్మీకి ఇచ్చాను. "వాడున్న కాడనే ఇచ్చినవా?" అని అడిగింది. ఇచ్చిన అన్నాను. జరిగింది చెప్పలేదు. చిన్న రాయి మాత్రం ఆమె చేతిలో పెట్టాను, అక్కడిది అని చెప్పి. ఆమె చాలాసేపు దాన్ని అరచేతిలో తిప్పుతూ కూర్చుంది. "నా కొడుక్కు మట్టి దొరకలే" అనే మాట ఆ రోజు తర్వాత ఆమె నోట నేను వినలేదు.

గద్వాలలో మా ఇంటి వీధి తలుపు గాలికి కొట్టుకుంటుంది. అమ్మీ ఇప్పుడు దాని కింద ఆ రాయి పెడుతుంది. అంత చిన్న రాయి అంత బరువు తలుపును ఆపలేదని నేను అన్నాను. ఆపుతుంది. సెలవులు అయిపోయి నేను వనపర్తికి బయలుదేరేటప్పుడు, తలుపు వేయడానికి వంగి దాన్ని తీస్తాను. తీసి, ఒక్క నిమిషం ఆగుతాను. ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు.